సగం గోరు లోతు

నారు షెడ్డుకి మిషన్ వచ్చిన రోజు పొద్దున్నే మేనేజరు గింజలు వేసే నలుగురు ఆడవాళ్లనీ పిలిచి, టీ తాగుతూ, రెండు ముక్కల్లో సంగతి తేల్చేశాడు. ఇకమీదట ట్రేల్లో గింజలు మిషన్ వేస్తుంది. దానికి పని చెప్పడం ఎవరికి చేతనైతే ఆ ఒక్కరు షెడ్డులో ఉంటారు, మిగిలినవాళ్లు బస్తాల షెడ్డుకి మారాలి. నెల రోజుల్లో ఎవరికీ రాకపోతే మిషన్ అమ్మిన కంపెనీవాళ్లే తమ మనిషిని పంపుతారట. జీతాల్లో తేడా రాదని కూడా చెప్పాడు, వినేవాళ్లకి అదే పెద్ద ఓదార్పు అన్నట్టు.

నలుగురిలోనూ పెద్దది గోరక్క. అది షెడ్డు పెట్టిన పేరు. మట్టిలో గుంట నొక్కడానికి మిగతావాళ్లు పుల్ల వాడితే ఆవిడ బొటనవేలి గోరు వాడుతుంది. గోరు దింపి, గింజ వదిలి, అదే వేలితో మట్టి కప్పేస్తుంది. పందొమ్మిదేళ్లుగా అదే పని, కిటికీ పక్కన అదే స్టూలు. నర్సరీకి ఏ కొత్త మనిషి వచ్చినా ముందు ఆవిడ పక్కన కూర్చోబెట్టేవారు. చెయ్యి చూసి నేర్చుకోమనేవారే తప్ప నోటితో చెప్పమని ఆవిణ్ణి ఎవరూ అడగలేదు, అడిగినా ఆవిడ చెప్పగలిగేది కాదు.

బస్తాల షెడ్డంటే ఆవిడకి భయం. మోకాలు సహకరించదన్నది పైకి చెప్పుకునే కారణం, అది అబద్ధమూ కాదు. అసలు బాధ వేరే. బస్తా మొయ్యడానికి మనిషైతే చాలు, ఏ మనిషైనా చాలు. పందొమ్మిదేళ్లు ఒక పనిలో ఆరితేరి, చివరికి ఏ మనిషైనా చాలనే చోటికి పోవడానికి ఆవిడ ప్రాణం ఒప్పుకోలేదు.

మిగతా ముగ్గురిలో ఒకామె భర్త బస్తాల షెడ్డులోనే లోడింగ్ చూస్తాడు కాబట్టి ఆమెకి అక్కడే బాగు. ఇంకొకామె ఎలాగూ మానేసే ఆలోచనలో ఉంది. మూడో ఆవిడ రేడియో. పొద్దున తలుపు తీసిన దగ్గర్నుంచి సాయంత్రం తాళం వేసేదాకా ఆగకుండా మోగుతుంది కాబట్టి రేడియో. ఆమె మిషన్‌తో పాటు వచ్చిన పుస్తకాన్ని రెండు రోజులు తిరగేసి, దానికి చెవుల్లేవు, నాకు ఓపిక లేదు అని పక్కన పడేసింది. గోరక్క ఆ పుస్తకాన్ని చేతిసంచీలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లింది.

ఇంట్లో కోడలు ఉంది. ఒక శిక్షణ కేంద్రంలో, అక్షరం ముక్క రానివాళ్లకి ఓనమాలు దిద్దించినట్టు, కంప్యూటర్ కొత్తవాళ్లకి ప్రోగ్రాములు రాయడం నేర్పుతుంది. కొడుకు లిఫ్టులు బాగుచేసే పనిలో ఎప్పుడూ ఏదో ఒక భవనం పై అంతస్తులో ఇరుక్కుని ఉంటాడు కాబట్టి ఇంట్లో సాయంత్రాలు అత్తాకోడళ్లవే. అత్తాకోడళ్లు పోట్లాడుకుంటే చుట్టాలకి కాలక్షేపం, ఈ ఇద్దరూ ఆ అదృష్టం ఎవరికీ కలిగించలేదు. అయినా నాలుగేళ్లుగా ఒకే వంటింట్లో తిరుగుతూ కూడా, కోడలు ఏం పాఠం చెబుతుందో అత్తకి తెలియదు, అత్త గింజ ఎలా వేస్తుందో కోడలు చూడలేదు. గోరక్క పుస్తకం బల్ల మీద పెట్టి, నెల రోజుల్లో ఇది నాకు వచ్చి తీరాలమ్మాయ్, అంది.

కోడలు ఆ పుస్తకం తెరవనే లేదు. మర్నాడు షెడ్డు నుంచి ఒక ఖాళీ ట్రే తెమ్మంది. ఏడు వరుసలు, వరుసకి పద్నాలుగు గడులు. కుట్టుపెట్టెలోంచి చొక్కా గుండీలు తీసి గిన్నెలో పోసింది. తనే మిషన్ అట. అత్తయ్య ఏం చెబితే అది చేస్తుందట, చెప్పనిది మాత్రం చచ్చినా చెయ్యదట.

"గింజ వెయ్యి," అంది గోరక్క.

కోడలు ఒక గుండీ తీసి బల్ల మీద వేసింది. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకమిది అని గోరక్కకి అర్థమైంది. ఒకటో గడిలో వెయ్యమంది, రెండో గడిలో వెయ్యమంది, ఐదో గడికి వచ్చేసరికి విసుగొచ్చి ఊరుకుంది. అప్పుడు కోడలు లూప్ సంగతి చెప్పింది. గానుగెద్దుకి ప్రతి చుట్టూ చెప్పక్కర్లేదు, ఎప్పుడు ఆగాలో చెబితే చాలు. గడి నంబరు ఒకటితో మొదలుపెట్టు, గింజ వెయ్యి, నంబరు ఒకటి పెంచు, పద్నాలుగు దాటేదాకా ఇదే చెయ్యి. వరుస నిండింది. గోరక్క ముఖం వెలిగింది. ఇక వరుసలకి ఇంకో లూప్, దాని పొట్టలో ఈ గడుల లూప్. వరుస ఒకటితో మొదలుపెట్టు, అందులో గడులు నింపు, వరుస ఒకటి పెంచు, ఏడు దాటేదాకా. అంతా తనే కాగితం మీద రాసుకుని ఒక్కో మాటా చదివి వినిపించింది.

కోడలు మొదటి వరుస నింపింది. చెయ్యి రెండో వరుస మీదికి తీసుకెళ్లి, గుండీ వెయ్యకుండానే మూడో వరుస మీదికి జరిపింది. నాలుగు, ఐదు, ఆరు, ఏడు. ఒక్క గుండీ పడలేదు. పని పూర్తయిందని చెప్పి చేతులు కట్టుకుంది.

గోరక్కకి ఒళ్లు మండింది. వేళాకోళం చేస్తోందనుకుంది. కోడలు ఓపిగ్గా కాగితం చూపించింది. గడి నంబరు ఒకటి అని రాసింది అన్నిటికన్నా పైన, ఒకే ఒక్కసారి. మొదటి వరుస అయ్యేసరికి ఆ నంబరు పదిహేను. రెండో వరుసకి వచ్చినా అది పదిహేనే. పద్నాలుగు దాటింది కాబట్టి మిషన్ లెక్కలో అక్కడ వెయ్యాల్సిందేమీ లేదు. ప్రతి వరుస మొదట్లోనూ మళ్లీ ఒకటికి రమ్మని చెప్పాలి, చెప్పలేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లలో పదిమందికి ఎనిమిదిమంది ఇక్కడే బోల్తా పడతారని, మర్చిపోవడం మామూలేనని సముదాయించింది.

"మర్చిపోలేదమ్మాయ్. మళ్లీ ఒకటికి ఎందుకు రావాలి?"

అని గుండీల గిన్నె తన వైపుకి లాక్కుని చేసి చూపించింది. మొదటి వరుస ఎడమ నుంచి కుడికి. వరుస చివర చెయ్యి ఎక్కడుందో అక్కడే కిందికి దిగి, రెండో వరుస కుడి నుంచి ఎడమకి. మూడోది మళ్లీ ఎడమ నుంచి. చెయ్యి గాల్లోకి లేచి మొదటికి రావడమన్నదే లేదు. ఖాళీ చెయ్యి వెనక్కి రాకూడదన్నది షెడ్డులో మొదటి రోజు నేర్పే పాఠం. రోజుకి ఎనభై ట్రేలు వేసేవాళ్లకి ఆ ఖాళీ ప్రయాణాలు వారం మొత్తం మీద కలిపితే గంట పని. అందుకే మళ్లీ ఒకటికి రమ్మని రాయాలన్న ఊహ కూడా ఆవిడకి రాలేదు.

కోడలు చాలాసేపు ఆ చేతి వంకే చూసింది. ఎనిమిదేళ్లుగా ఈ తప్పు దిద్దుతున్నాను గానీ, పని రాక చేసినవాళ్లే అందరూ, పని వచ్చి చేసినవాళ్లు మీరొక్కరే అత్తయ్యా, అంది. ఇన్నేళ్లలో ఒక్కసారైనా మీ పని చూడలేదని కూడా అంది. అన్నప్పుడు గొంతులో కాస్త సిగ్గు వినిపించింది గోరక్కకి. ఆవిడ గుండీలు ఏరి గిన్నెలో వేసింది.

వారం రోజులు ఆవిడ మళ్లీ ఒకటికి రావడమే సాధన చేసింది. షెడ్డులో అసలు మిషన్ మీద నడిపించి చూసింది కూడా. వరుసంతా నింపుకుంటూ పోయిన మిషన్ తల, కొసనుంచి ఖాళీగా మొదటికి వస్తుంటే పళ్లు కొరుక్కునేది. రెండో వారం తెగించి అడిగింది, వెనక్కి లెక్కపెట్టడం దీనికి రాదా అని. వస్తుంది. సరి వరుసల్లో పద్నాలుగు నుంచి ఒకటికి లెక్కపెట్టమని రాస్తే సరిపోతుంది. అది ముందు ముందు చెప్పే పాఠం అంది కోడలు. గోరక్క ఆ పాఠాన్ని ముందుకి జరిపించింది. మూడు సాయంత్రాలు పట్టింది. ఒకసారి ఒకే గడిలో రెండు గుండీలు పడ్డాయి. ఒకసారి చివరి వరుస వదిలేసింది. ఒకసారి నంబరు ఆగాల్సిన చోట ఆగక, మిషన్ వేషంలో ఉన్న కోడలు ట్రే అంచు దాటి వెళ్లి పక్కనున్న నీళ్ల గ్లాసులో గుండీ వేసింది. ఆ రోజు ఇంట్లో ఉన్న కొడుకు గ్లాసులోకి చూసి, ఇద్దరి ముఖాలూ చూసి, ఏమీ అడగకుండా వేరే గ్లాసు తెచ్చుకున్నాడు.

మూడో వారం చిన్న ట్రేల గొడవ వచ్చింది. షెడ్డులో ఐదు వరుసలు, వరుసకి పది గడులు ఉండే చిన్న ట్రేలు కూడా వాడతారు. గోరక్క ప్రోగ్రామంతా మళ్లీ రాసి, ఏడున్న చోట ఐదు, పద్నాలుగున్న చోట పది పెట్టింది. ఒకచోట పద్నాలుగు అలాగే ఉండిపోయింది, మళ్లీ నీళ్ల గ్లాసే గతి అయింది. ప్రతి కొలతకీ ఒక ప్రోగ్రాం రాసుకుంటూ పోతే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుందని కోడలు అప్పుడు ఫంక్షన్ గురించి చెప్పింది.

"కొట్టుకెళ్లి రా అన్నది పని. ఏం తేవాలో, ఎంత తేవాలో పంపేవాళ్లు ఎప్పటికప్పుడు చెబుతారు. పనిని ఒక్కసారే రాసి దానికో పేరు పెట్టండి. మారేవాటి దగ్గర ఖాళీ వదిలెయ్యండి. ఆ ఖాళీలనే పారామీటర్లంటారు. పిలిచేవాళ్లు అవి చెప్పకపోతే పని మొదలవదు."

గోరక్క తన ఫంక్షన్‌కి 'ట్రే నింపు' అని పేరు పెట్టింది. వరుసలెన్నో ఒక ఖాళీ, గడులెన్నో ఒక ఖాళీ. కోడలు లోతు గురించి అడిగింది. గింజని ఎంత లోతున వదలాలో కూడా మిషన్‌కి చెప్పాలి కదా, అది మారుతుందా అని. మారదు, ఎప్పుడూ సగం గోరే, అంది గోరక్క. కోడలు స్కేలు తెచ్చి బొటనవేలి గోరు కొలిచింది. పది మిల్లీమీటర్లు. సగం ఐదు. ఆ ఐదుని ఫంక్షన్ లోపలే రాసేసుకున్నారు, ఖాళీ వదల్లేదు. గోరక్క అబద్ధం చెప్పలేదు. పందొమ్మిదేళ్లుగా అదే మాట అంటూ వచ్చింది, తనూ అదే నమ్మింది.

గడువు రోజున మేనేజరు చేతిలో గడియారంతో నిలబడ్డాడు. కంపెనీ మనిషి కూడా వచ్చాడు. అతను ముందు తన ప్రోగ్రాంతో పది ట్రేలు వేయించాడు. తర్వాత గోరక్క పది ట్రేలు. ఆవిడ నంబర్లు ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని నొక్కింది. మిషన్ తల ఎడమ నుంచి కుడికి పోయి, అక్కడే దిగి, కుడి నుంచి ఎడమకి వచ్చింది. ఖాళీగా ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. పది ట్రేలూ కంపెనీ మనిషికన్నా నాలుగు నిమిషాల ముందే అయిపోయాయి. ఇలా ఎవరు రాశారని అతను అడిగాడు, చెబితే నమ్మలేదు. మేనేజరు ఆ పూటే షెడ్డు ఆవిడకి అప్పగించాడు. గోరక్కకి సంతోషం వేసింది, ముగ్గురి స్టూళ్లూ ఖాళీ అవడం చూసి దిగులూ వేసింది. రేడియో వెళ్తూ వెళ్తూ, నీ గోరుకి ఇక పింఛనేలే, అని నవ్వింది.

మూడు వారాలు మిషన్ ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. టమాటా, వంకాయ, మిరప, అన్నీ గడికొక మొలకగా లేచాయి. ఆ తర్వాత ఒక పూల తోట వాళ్ల కోసం నలభై ట్రేలు వెయ్యమన్నారు. ఆ పూల గింజలు ఆవగింజకన్నా చిన్నవి, వేలికి అంటుకుంటే ధూళి అనుకుని దులిపేస్తాం. గోరక్క వరుసలు చెప్పింది, గడులు చెప్పింది, మిషన్ నలభై ట్రేలూ వేసేసింది. పన్నెండు రోజులైనా ఒక్క మొలక రాలేదు.

మేనేజరు పెన్ను మూతతో ఒక గడి తవ్వి చూశాడు. గింజ ఉంది, ఐదు మిల్లీమీటర్ల లోతున, రాసిన చోటే ఉంది, కుళ్లిపోయి ఉంది. చూసిన క్షణంలోనే గోరక్కకి తెలిసిపోయింది. ఆ గింజకి వెలుతురు తగలాలి, దాన్ని పూడ్చకూడదు. ఏళ్ల తరబడి ఆవిడ దాన్ని మట్టి మీద ఊరికే వదిలి, వేలి కొసతో అద్దేది. ఆ గింజకి ఏనాడూ సగం గోరు దింపలేదు. చేతికి తెలిసిన సంగతి నోటికి తెలియలేదు. నోరు చెప్పిందే మిషన్ విన్నది. తప్పు నాదేనండి, అంది మేనేజరుతో. అతను కేకలేస్తాడనుకుంది. అతను పెన్ను మూత తుడుచుకుని వెళ్లిపోయాడు, ఆవిడకి అది ఇంకా కష్టంగా అనిపించింది.

రెండు రోజుల తర్వాత పిలిచి, చాలా మర్యాదగానే చెప్పాడు.

"మన దగ్గర ముప్ఫై ఒక్క రకాలున్నాయి కదా. దేనికెంత లోతో ఒక కాగితం మీద రాసిచ్చెయ్. మిషన్‌లో ఎక్కించేద్దాం, మళ్లీ ఇలాంటిది జరగదు. ఆ తర్వాత బటన్ నొక్కడానికి వాచ్‌మన్ సరిపోతాడు. నువ్వు కూడా బస్తాల షెడ్డుకి వెళ్లిపోవచ్చు, నీకూ ఈ తలనొప్పి ఉండదు."

వారం రోజులు టైమిచ్చాడు. పొమ్మనలేక పొగబెట్టేవాళ్లుంటారు. ఇతను పొమ్మని చెప్పి, పొగ కూడా నువ్వే పెట్టుకొమ్మన్నాడు. గోరక్క తలూపి వచ్చేసింది.

సాయంత్రం సంగతి విని కోడలు మండిపడింది. అది కూర్చున్న కొమ్మని నరుక్కోవడమేనని, రాసివ్వొద్దని, గుర్తు లేదని చెప్పెయ్యమని అంది. గోరక్క అలా చెయ్యనంది. తను చెప్పకపోతే ఇంకో నలభై ట్రేలు కుళ్లుతాయి, గింజలేం పాపం చేశాయి. ఆ మాట అన్నదేగానీ, చేతిసంచీలోంచి కాగితం తీసేటప్పుడు ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. కోడలు చూడనట్టే స్కేలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

మర్నాడు షెడ్డులో మిషన్ తన పని తను చేసుకుంటుంటే, గోరక్క ఒక పాత ట్రే పక్కకి తీసుకుని చేత్తో గింజలు వేసింది. పరాయి మనిషి చెయ్యి చూస్తున్నట్టు తన చేతినే చూసింది. టమాటా, సగం గోరు. నిజమే. పక్కనే బరక మట్టి ఉన్న ట్రేలో వేసింది. చెయ్యి సగం దాకా దిగకుండానే ఆగిపోయింది. ఎందుకు ఆగిందో తనకే అర్థం కాలేదు. కాసేపాలోచిస్తే తట్టింది. బరక మట్టిలో నీళ్లు పోయగానే గింజ తనంతట తనే ఇంకొంచెం కిందికి జారుతుంది. నిరుడు మిగిలిన పాత విత్తనం తీసుకుంది. చెయ్యి ఇంకా పైనే ఆగింది. పాత గింజకి పైకి తోసుకొచ్చే సత్తువ తక్కువ. ఎండాకాలంలో అయితే పైమట్టి గంటలో ఎండిపోతుంది కాబట్టి లోతుగా దింపేదాన్ని కదా అనుకుంది. ఒక్క టమాటాకే ఇన్ని లోతులున్నాయి. ఇన్నేళ్లూ సగం గోరు, సగం గోరు అని చెప్పుకు తిరిగినందుకు నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది.

ఆ రాతపని ఆరోజు సాయంత్రమే మొదలుపెట్టింది. స్కేలు మీద గోరు ఆనించి చూసుకుంటూ టమాటా సంగతి రాస్తుంటే, వంట అయ్యేసరికి ఒక కాగితం నిండింది గానీ ఆ రకం పూర్తి కాలేదు. ఏది రాసిందో ఏది వదిలిందో తికమకగా ఉంది. కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది ట్రే లాగే ఉందమ్మాయ్," అంది కాసేపటికి.

కూరలు తరుగుతున్న కోడలు తలెత్తింది. గోరక్క వేళ్ల మీద లెక్కపెడుతోంది. ముప్ఫై ఒక్క రకాలు. ఒక్కో రకానికీ మూడు కాలాలు, ఎండ, వాన, చలి. ఒక్కో కాలానికీ మూడు తీర్ల మట్టి, బరకది, మెత్తంది, రెండూ కలిపింది. ఒక్కో మట్టికీ రెండు విత్తనాలు, కొత్తవి, పాతవి. ఒకదాని పొట్టలో ఒకటి, దాని పొట్టలో ఇంకొకటి. కోడలు తరిగే కత్తి పక్కన పెట్టి లేచింది. కంప్యూటర్ తెచ్చి బల్ల మీద పెట్టి, మళ్లీ వెళ్లి కూరల దగ్గర కూర్చుంది.

గోరక్క ఒక్కతే రాసింది. నాలుగు లూపులు. రకం, కాలం, మట్టి, విత్తనం. అన్నిటికన్నా లోపల ఒకే పని పెట్టింది, ఆ నాలుగు పేర్లూ ఒక లైనులో అచ్చువేసి, చివర లోతు అని రాసి ఖాళీ వదలమని. ఈసారి లోపలి నంబర్లన్నిటినీ ఎక్కడికక్కడ మొదటికి రప్పించింది. రెండుసార్లు తప్పులొచ్చాయి, తనే వెతికి దిద్దుకుంది. మూడోసారి లైన్లు వరసగా దిగడం మొదలైంది. టమాటా, ఎండ, బరక, కొత్త. టమాటా, ఎండ, బరక, పాత. ఆగుతుందని చూస్తే ఆగలేదు, తెర పైకి పోతూనే ఉంది. చివరికి ఆగినప్పుడు లెక్క చూస్తే ఐదు వందల యాభై ఎనిమిది. ఇన్నా, అంది గోరక్క. ముప్ఫై ఒకటిని పద్దెనిమిదితో హెచ్చించి చూసి, అన్నే అత్తయ్యా, అంది కోడలు. మర్నాడు శిక్షణ కేంద్రంలో అచ్చు తీయించి తెచ్చింది, పద్నాలుగు పేజీలు వచ్చాయి.

వారం ముగిసే రోజున గోరక్క ఆ పేజీలు మేనేజరు బల్ల మీద పెట్టింది. టమాటావి పద్దెనిమిది లైన్లు నిండి ఉన్నాయి, వంకాయవి సగం. మిగతా అంతా ఖాళీ. ఒక్క కాగితం వస్తుందని ఎదురుచూస్తున్న మనిషి ఆ కట్ట చూసి, రాసివ్వడం ఇష్టం లేక వేసిన ఎత్తు అనుకున్నాడు. అనుకున్నది ముఖంలో కనిపించింది. ఆవిడని పట్టుకుందామని తొమ్మిదో పేజీ తీసి, మధ్యలో ఎక్కడో వేలు పెట్టి చదివాడు. ఏదో ఆకుకూర, చలి, బరక, పాత.

గోరక్క బొటనవేలు బల్ల అంచు మీద కదిలి ఆగింది. రెండు మిల్లీమీటర్లు, అంది, పైన జల్లెడ పట్టిన మట్టి పలచగా చల్లాలి. అతను పేజీ తిప్పి ఇంకొకటి చదివాడు. చెప్పింది. మరొకటి చదివాడు. అది తెలీదండి, అంది, ఆ రకం వానాకాలంలో మనం ఎప్పుడూ వెయ్యలేదు. మేనేజరు పాత రిజిస్టరు తీసి చూశాడు. నిజంగానే వెయ్యలేదు. ఆ తర్వాత అతను అడగడం మానేసి, పేజీలు ఒక్కొక్కటే మొదటి నుంచి తిప్పుతూ కూర్చున్నాడు. ఆవిడని కుర్చీ లాక్కోమన్నాడు, పందొమ్మిదేళ్లలో ఆ గదిలో ఆవిడ కూర్చోవడం అదే మొదలు.

అన్నీ నింపడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగాడు. నోటికొచ్చినవి కూడా చేత్తో వేసి సరిచూసుకోవాలి, ఎండాకాలం సంగతి ఎండాకాలంలోనే చెయ్యి చెబుతుంది కాబట్టి ఏడాది తక్కువ పట్టదంది. ఈలోపు తప్పు జరగకుండా ప్రోగ్రాంలో లోతుకి కూడా ఒక ఖాళీ వదిలానని, ఎంత లోతో ఎవరో ఒకరు చెబితే తప్ప మిషన్ ట్రే మొదలెట్టదని చెప్పింది. ఎవరో ఒకరు అన్నప్పుడు అతను కిటికీలోంచి గేటు వైపు చూశాడు. వాచ్‌మన్ గొళ్లెం పెట్టని గేటుకి ఆనుకుని కునుకు తీస్తున్నాడు. కొత్త రకాలు ఏటా నాలుగైనా వస్తాయి కదా అని తనలో తనే అనుకున్నట్టు అని, బస్తాల షెడ్డు మాట ఇక మర్చిపొమ్మన్నాడు. పేజీలు కట్టగా సర్ది, రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

"ఇవన్నీ మీకు తెలుసని ఇన్నేళ్లలో ఒక్కసారైనా చెప్పలేదే?"

"తెలుసని నాకూ మొన్నటిదాకా తెలీదండి," అంది గోరక్క.

కళ్లు నిండాయి. మేనేజరు ముందు ఏడవడం ఆవిడకి అలవాటు లేదు, ఇప్పుడు కొత్తగా నేర్చుకునే ఉద్దేశమూ లేదు. అవతల మిషన్ ట్రే పెట్టుకుని లోతు కోసం చూస్తోందని చెప్పి, పేజీలు పట్టుకుని లేచి బయటికి నడిచింది.